ఇంకా ఆరని జమ్ము కుర్చీలు

పాప అమ్మకి ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. నా వంట నేనే తింటున్నాను కాబట్టి ఆ క్షేమం మీద కొంచెం అనుమానం ఉంది. అక్కడ నువ్వు, బాలింత పాప, మన మనవడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. వాడి ముక్కు నాదేనని రాశావు. పోనీలే, పెరిగేకొద్దీ సర్దుకుంటుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పెరటి తలుపు గొళ్లెం బాగుచేశాను. జమ్ము గడ్డి కట్టలకి చెదలు పట్టలేదు, అటక మీదికి ఎక్కించాను. కుర్చీలు షాపుకి పంపానా అని అడిగావు, ఆ సంగతి కింద రాస్తాను.

నవ్వకు, నేను అల్లిక మొదలుపెట్టాను. ఇన్నేళ్లూ చట్రం నాది, అల్లిక నీది. రోజూ చూసేదే కదా, చేసేయొచ్చనుకున్నాను. జమ్ము ఆకు మెత్తబడితే తాడుగా పేనేటప్పుడు పురి బాగా తిరుగుతుందని, బట్టలు నానేసినట్టు జమ్మంతా తొట్టిలో ముంచి ఉంచాను. అల్లడం పూర్తయ్యేసరికి కుర్చీ డప్పులా బిగిసింది. పక్కింటి వదినని పిలిచి మరీ చూపించాను. తాగిన నీళ్లు ఆరాక ఆకు సన్నబడిపోతుందని నాకేం తెలుసు? తర్వాత కూర్చుంటే నడుము చట్రంలోకి దిగబడి, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. వదినే చేతులు పట్టి లాగింది. "ఏం మరిదీ, కుర్చీ చేశావా, ఉయ్యాల కట్టావా?" అంది. వీధంతా చాటింది కూడా. నువ్వు ఆకు మీద నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి ఉంచేదానివి. ఎందుకని నేను ఒక్కనాడూ అడగలేదు.

నీ ఉత్తరంలో చివరి మాట దగ్గర ఆగిపోయాను. "డాక్టరు ఇక పురి పెట్టొద్దన్నారు. మణికట్టు తిరగనిదాన్ని, అక్కడికొచ్చి ఏం చెయ్యను? ఇక్కడే పసివాణ్ని చూసుకుంటూ ఉండిపోతాను" అని రాశావు. ముందు కోపం వచ్చింది. తర్వాత, నిజంగానే ఉండిపోతావేమోనని భయం వేసింది.

ఇప్పుడు కుర్చీల సంగతి. నువ్వు వెళ్లేముందు ముగించిన నాలుగూ షాపుకి పంపలేదు. షాపాయన వచ్చినప్పుడల్లా "ఇంకా ఆరలేదండీ" అన్నాను, ఇంత ఎండలో! నిన్న ఆయనకి ఓపిక చచ్చింది. "ఆరినా ఆరకపోయినా నాకొద్దయ్యా. మిగతా ఆర్డరు ప్లాస్టిక్ వైరు అల్లేవాళ్లకి ఇచ్చేశాను" అని వెళ్లిపోయాడు.

ఎందుకు ఇవ్వలేదో ఆయనకి చెప్పలేకపోయాను. ఆఖరి కుర్చీ అల్లేటప్పుడు నీ చేతులకి పట్టు చిక్కక, నువ్వు పురి కొస పళ్లతో పట్టి బిగించావు. నేను చూడలేదనుకున్నావు. నీ చేతి కుర్చీలు ఇక ఇవేనేమోనని అప్పుడే అనిపించింది. వాటి మీద ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు కూర్చోవడం నాకిష్టం లేకపోయింది.

కాబట్టి చేతులకి పనిలేదన్న బెంగ వదిలెయ్యి. నా చేతులకీ లేకుండా చేసుకున్నాను. బతుకెలా అంటావు, వడ్రంగిని, తలుపులో కిటికీలో చేస్తాను. నేను పని కోసం రమ్మనడం లేదు. అందరికీ కుర్చీలు చేసి ఇన్నేళ్లూ మనం నేల మీదే కూర్చున్నాం. పాప కోలుకున్నాక బయలుదేరు. ఆ నాలుగింట్లో రెండు కుర్చీలు గుమ్మం దగ్గర పక్కపక్కన వేశాను. నాదాంట్లో నేనింకా కూర్చోలేదు.

ఇట్లు,
కొత్తగా తాతనైన
మీ ఆయన