ముగ్గురి మునక

నవంబర్ 11, మంగళవారం

చేరాం. లాడ్జిలో ఒక్కటే గది దొరికింది. మూడు మంచాలు. తమ్ముడు కిటికీ వైపు, చెల్లెలు తలుపు వైపు. నడుమ నేను, సరిహద్దు రాయిలా.

అమ్మ పోయేముందు అడిగింది ఒక్కటే. ముగ్గురూ చేతులు పట్టుకుని ఈ నదిలో ఒక్క మునక వేయమంది. నాలుగేళ్లయింది. చివరి చూపుకు తమ్ముడు ఆలస్యంగా వచ్చాడు. చుట్టపుచూపుగా వచ్చావా అన్నయ్యా అని చెల్లెలు అందరి ముందూ అనేసింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఒకటి రాసుకోవాలి. చెల్లి రమ్మంటోందిరా అని వాడికి ఫోన్ చేశాను. అన్నయ్య రమ్మంటున్నాడే అని దానికి చేశాను. రోజూ స్తోత్రాలు చదివే నోరే.

నవంబర్ 12, ఉదయం 6

మునగలేదు. తమ్ముడికి సైనస్ అట, నీళ్లు మరీ చల్లగా ఉన్నాయట. గీజరున్న నదికి తీసుకెళ్లాల్సింది అక్కయ్యా అని చెల్లెలు గోడకేసి చూస్తూ అంది. వాడూ గోడకే జవాబిచ్చాడు. సబ్బు కూడా నా చేతి మీదుగానే అటూ ఇటూ నడుస్తోంది.

ముగ్గురం కలిసే మునగాలని నేనూ ఆగాను.

సాయంత్రం 5

మెట్ల దాకా వెళ్లాం. ఈసారి వాడు సిద్ధం. చెల్లెలు వాడి చెయ్యి పట్టుకోదట, టవల్ కొస పట్టుకుంటుందట. దానికంటే తాడు కట్టి దింపమన్నాడు వాడు. పడవవాడు దారికి అడ్డం లేవమని కసిరాడు. లేచొచ్చేశాం.

గుడిలో కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఏమీ అడగబుద్ధి కాలేదు.

నవంబర్ 13

రేపే రైలు. విసుగొస్తోంది. దేవుడి మీద కూడా.

మధ్యాహ్నం 2

బయటపడింది. భోజనం దగ్గర చెల్లెలు ఉండబట్టలేక నేరుగా వాడినే అడిగింది, రమ్మని పిలిచిందీ నువ్వే, వంకలు పెట్టేదీ నువ్వేనా అని. నేనెక్కడ పిలిచాను, నువ్వు పిలిచావనేగా లీవు పెట్టుకుని వచ్చాను అన్నాడు వాడు. ఇద్దరూ నా వైపు తిరిగారు. ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

గంటసేపు తిట్లు. పైకి పూజలు, లోపల పాలిటిక్స్ అంది అది. చిన్నప్పుడూ ఇంతే, నువ్వంటేనే ఇష్టమని ఇద్దరికీ చెప్పేది అన్నాడు వాడు. నీకూ చెప్పిందా అంది అది. ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు.



నవంబర్ 14, ఉదయం 7

లేచేసరికి పక్క మంచాలు ఖాళీ. తలుపుకు బయట గొళ్లెం. బాదాను. ఎవరూ పలకలేదు.

గంటకు వచ్చారు. ఇద్దరి జుట్టూ తడి. చేతులు పట్టుకుని, అమ్మను తలుచుకుని మునిగారట. నన్నెందుకు లేపలేదే అంటే, నీ పుణ్యం నీకు బోలెడుంది కదక్కయ్యా అంది చెల్లెలు. ఇంకా టైముంది, పదండి, ముగ్గురమూ వెళదాం అన్నాను. ఆటో కింద ఆగి ఉందన్నాడు తమ్ముడు. అమ్మ ముగ్గురినీ మునగమందిరా అన్నాను. అబద్ధాలకోరును వదిలేసి మునగమందిలే అన్నాడు. అది పకపకా నవ్వింది.

ఇంతదూరం వచ్చి కాలి వేలైనా తడపలేదు నేను.

రైల్లో

ఎదురు బెర్తు మీద, కాళ్ల మీద ఒకే దుప్పటి కప్పుకుని, ఇద్దరూ నన్ను తిడుతున్నారు. కళ్లు మూసుకుని, జపంలో ఉన్నట్టు, ఒక్క మాటా పోనివ్వకుండా వింటున్నాను.