సముద్రంలో పైపు మీద రాళ్ళు

తమ్ముడూ వెంకటేశూ,

నీతో పనిచేసిన మాబు నిన్న ధర్మవరం నుంచి వచ్చిపోయాడు. సముద్రం అడుగున మీరు పూడ్చిన పైపు మీద ఇప్పుడు పెద్ద పెద్ద రాళ్ళు పరుస్తున్నారట.

నువ్వు ఫోనులో చెప్పింది నాకింకా గుర్తే. "అక్కా, ఉత్త ఇసుక కప్పితే నిలవదు. అలలు నొక్కి నొక్కి వదిలితే అది జావ మాదిరి అయితాది, పైపు పైకి లేస్తాది. రాళ్ళెయ్యాలని మా ఇంజనీరు సారుతో గట్టిగా చెప్తా" అన్నావు. మన చేన్లో బోరు పైపు పూడ్చిన రోజు కూడా, వంక దాటే చోట రాళ్ళు పేర్చేదాకా నువ్వు అన్నానికి రాలేదు.

నేనేమన్నాను? "వద్దురా, పెద్దోళ్ళకు ఎదురు చెప్పొద్దు, పనిలోంచి తీసేస్తారు" అన్నాను. నువ్వు నోరు మూసుకున్నావు. తుఫాను తర్వాత పైపు లేచింది. చూసి రమ్మని నిన్నే నీళ్ళలోకి దింపారు. అది ఊగి నీ మీద పడింది, నువ్వు మళ్ళీ పైకి రాలేదు. నువ్వే అజాగ్రత్తగా దిగావని కాగితం రాసుకున్నారు.

"రాళ్ళ మాట మావోడు ముందే అనె కదా, ఆ సంగతి చెప్పినావా మాబూ?" అని అడిగాను.

"యాడ చెప్పేదక్కా? అంతా తన ఆలోచనే అంటాండాడు సారు. ఒడ్డున రాళ్ళ కుప్ప పక్కన నిలబడి ఫోటోలు గూడా తీయించుకున్నాడు."

చాయ్ సగం తాగి లేచి వెళ్ళిపోయాడు.

మోటార్లు బాగుచేయడానికి బావుల్లోకి దిగే వయసునుంచీ నిన్ను వద్దు వద్దని మొత్తుకున్నాను. ఒక్కనాడూ నా మాట వినలేదు. ఆ ఒక్కటి ఎందుకు విన్నావురా?

నీ అక్క