జీపు ఆగిన గురువారం

గ్రాంట్లు చూసే మేడమ్ గారికి,

సైకిల్ షాపు మీది గదిలో, తాగుడు మానుకోవాలనుకునేవాళ్ల కోసం నేను గురువారం సాయంత్రాలు నడిపే మీటింగులకు సాయం చేయలేమన్న మీ జవాబు అందింది. తనిఖీకి వచ్చినప్పుడు నిర్వాహకుడు తప్ప ఎవరూ లేరని రాశారు. కాదనను.

అయితే మీ జీపు సరిగ్గా మా మెట్ల ముందే ఆగింది. మా వాళ్లు ఇంట్లో ఏదో ఒక అబద్ధం చెప్పి, వీధి అటూ ఇటూ చూసుకుని మెట్లెక్కుతారు. ఆ రోజు ప్రభుత్వ బండి చూసి మలుపులోనే ఆగిపోయారు. తర్వాత వాళ్లలో ఒకడైన లారీ డ్రైవరు ఫోన్ చేసి, "నిన్ను పట్టుకుపోవడానికి వచ్చారనుకున్నాం అన్నా, అందరం వెనక్కి వచ్చేశాం" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ బండి మళ్లీ వస్తుందేమోనని అప్పటినుంచి ఎవరూ రావడం లేదు. షాపతను నెలాఖరుకు గది ఖాళీ చేయమంటున్నాడు. నేను మాత్రం ప్రతి గురువారం కుర్చీలన్నీ గుండ్రంగా వేసి, ఫ్లాస్కు నిండా టీ పోసుకుని కూర్చుంటున్నాను. ఎదురుగా బార్ బోర్డు వెలగగానే లేచి కిటికీ మూస్తాను.

దయచేసి మరోసారి రండి. జీపు మార్కెట్ దగ్గర ఆపి నడిచి వస్తే చాలు.

రాలేకపోతే మీ నివేదికలో ఒక్క మాటైనా దిద్దండి. ఆ రోజు గదిలో తాగుడు మానుకోవాలనుకునే మనిషి ఒకడున్నాడు. మీకు కుర్చీ తుడిచి వేసింది అతనే.

ఇట్లు,
గురువారం గదిలో ఉండే మనిషి