ఆగిపోని ముల్లు

ఆదివారం, కోత పండుగ

మా ఆవిడ నన్నడక్కుండా నా బంగారు వాచీని చర్చిలో కానుకల బల్ల మీద, గుమ్మడికాయల పక్కన పెట్టేసింది. కానుకల వేలం మొదలయ్యాకే చూశాను.

"ఇదేటే?" అని గొణిగాను.

"ఆ సన్నటి పొడుగు ముల్లు ఎప్పుడో ఆగిపోనాది. పాడైంది దాసుకుని ఏటి సేస్తావు?"

అది ఆగిపోలేదు. పందెం కారు ఒక చుట్టు ఎంతసేపట్లో తిరిగిందో కొలిచే ముల్లు అది. మీట నొక్కితేనే కదులుతుంది. నేను పడవ ఇంజను బాగుచేసినందుకు, ఒకప్పుడు పందెం కార్లు నడిపిన దొర తన చేతిది విప్పి ఇచ్చాడు. ఈ సంగతి ఇన్నేళ్లలో ఆవిడకు ఒక్కసారైనా చెప్పానా? లేదు.

నేనే పాడుకుందామని లేచాను. అంతమందీ నావైపు తిరిగేసరికి మళ్లీ కూర్చున్నాను. డెలానీపూర్ పేట టైలర్ డేవిడ్ పాడేసుకున్నాడు. చేతిలోకి తీసుకుని ఊరికే మీట నొక్కాడు.

"అరే, చల్ పడీ! దీదీ, నడుస్తోంది!" అని మా ఆవిడకు ఎత్తి చూపించాడు.

"స్తోత్రం!" అని అందరికన్నా గట్టిగా అరిచింది మా ఆవిడే. ఇంటికొచ్చేదాకా ఆ అద్భుతం గురించే చెప్పింది. అప్పుడైనా చెప్పానా? అదీ లేదు.

మళ్లీ మీట నొక్కి ముల్లును ఆపాలని డేవిడ్‌కు తెలియదు. ఊరికే తిరిగి తిరిగి అరిగిపోతుంది. రేపు వెళ్లి అదొక్కటైనా చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలో...