డప్పు మీద జొన్నలు

వెల్దుర్తి

హన్నమ్మా, ప్రభువు దయవల్ల నేనూ అమ్మాయీ బాగున్నాం, దిగులుపడకు.

మన రాహేలు నడిపే బాలవాడిలో పిల్లలు నిలవడం లేదని, అమ్మాయిని ఇంటికి తీసుకురమ్మని నన్ను పంపావు గదా. నిన్న పిల్లలకు చప్పుడంటే ఏమిటో చూపిస్తానని నన్ను డప్పు మంటకు కాచి తెమ్మంది. నేను ఒక్క దెబ్బ వేసేసరికి అందరూ గొల్లుమన్నారు! "మెల్లగా నాయనా!" అని కసిరి, డప్పు మీద జొన్నలు పోసి వాళ్ళ చేతే కొట్టించింది. గింజలు గెంతుతుంటే ఎంత నవ్వో! రోజూ ఏడ్చే ఓ బుడ్డది డప్పుకు అరచెయ్యి ఆనించి, "తాతా, చప్పుడు చక్కిలిగింతలు పెడతంది" అన్నది. తల్లి వచ్చి పిలిస్తే ఇంటికి రానంది! నా కళ్ళు నిండాయి హన్నమ్మా.

గేదె ఈనిందా? చింతగింజలు, ఖాళీ డబ్బాలు పోగుచేసి ఉంచు, అమ్మాయికి పంపాలి. శనివారం బస్సుకు వస్తున్నాను, నేనొక్కణ్ణే.

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

యోబు