తెరమీద లేవని గీత

కళ వదినకు,

పోశన్నన్న గుండె ఆగి పోయాడనే కాగితం మీద సంతకం పెట్టకు. ఆపరేషన్ గదిలో మిషన్లు చూసే డ్యూటీ నాదే. మత్తిచ్చి గొంతులోకి ఊపిరి గొట్టం వేశారు. అది సరిగ్గా పడితే అన్న వదిలే గాలికి తెరమీద గీత లేచి పడాలి. లేవలేదు.

"సార్, గొట్టం తీయండి" అన్నాను.

"మిషన్ పాడైంది. నువ్వు డాక్టరువా?" అన్నాడు మత్తు డాక్టరు.

నోరు మూసుకున్నాను. మిషన్ బాగానే ఉంది వదినా, గొట్టమే అన్నం దిగే దారిలో ఉంది. గీత లేకుంటే గొట్టాన్ని నమ్మొద్దనే పోస్టర్ ఆ గోడకు అంటించింది నేనే. గల్ఫ్ కూలీలుండే మీనా సల్మాన్ క్యాంపులో అన్నం మాడినా అరిచేవాణ్ణి.

మత్తుకు ముందు అన్న, "నువ్వున్నవ్ గదా తమ్మీ, నాకేం భయం" అన్నాడు.

విచారణలో అంతా చెబుతాను. ఇది చదివాక నన్ను మరిదీ అని పిలుస్తావో లేదో. అందుకే ఉత్తరం కింద 'నీ మరిది' అని రాయలేదు.