నల్లమూతి గొర్రె నటించిన వైకింగ్ సినిమా

రేక్యావిక్,
ఆగస్టు మొదట్లో.

అత్త స్టేన్‌వోర్‌కు,
ఒళ్ళు మండిపోతున్న మేనల్లుడు బెర్గుర్ రాస్తున్నది ఏమంటే,

మన ‘బూడిద కత్తి’ ఇక్కడ వారం కూడా ఆడలేదు. తండ్రి సమాధి దగ్గర హీరో పగ తీర్చుకుంటానని ప్రమాణం చేస్తుంటే హాలంతా నవ్వు. ఒక పత్రికవాడు ‘ఇందులో నటన వచ్చింది గొర్రెకొక్కదానికే’ అని రాశాడు. అంతా నీ మూలంగానే! విందు సీనులో ఆ నల్లమూతి గొర్రెను తెర నిండా చూపించకపోతే షూటింగుకొచ్చిన మావాళ్ళకు వంట చెయ్యనని మొండికేశావు. నీ తిండి తిన్నాం కనక దాన్ని కత్తిరించలేకపోయాను.

పోనీ. నేను తీసింది పట్నంవాళ్ళ కోసం కాదు, మీ లోయ కోసం. అక్కడి రైతు హాల్వర్ గొర్రె ఒకటి నాన్న దొడ్లో కనిపించిందని మీవాళ్ళంతా ఆయన్ని దొంగ అన్నారు. ఆయనతో చెయ్యి కలపడం మానేశారు. ఆయన ఇక్కడికొచ్చి చేపల ఫ్యాక్టరీలో మంచు ఎత్తిపోస్తూ ఎత్తిపోస్తూ పోయాడు. సినిమాలో హీరో నరికే ఆ దుర్మార్గపు దొర హాల్వరేనని చంటిపిల్లలకైనా తెలుస్తుంది. రీళ్ళు పంపుతున్నాను. సంఘం హాల్లో వేయించు. వాడు తలదించుకుని మధ్యలో లేచిపోవాలి. అది చూసి నాకు రాయి.

నాన్న కోసం ఇంతకన్నా ఏమీ చెయ్యలేని,
బెర్గుర్

తా.క.: హెల్మెట్లు పాలబిందెలని ఎవరికీ చెప్పకు.


లోయ నుంచి,
ఆ తర్వాతి ఆదివారం.

మేనల్లుడు బెర్గుర్‌కు,
మోకాళ్ళ నొప్పులతో సహా క్షేమంగా ఉన్న అత్త రాసేది,

పాలబిందెల సంగతి నేను చెప్పనక్కర్లేకపోయింది. వాటిని పోగొట్టుకున్నవాళ్ళంతా హాల్లోనే ఉన్నారు. సమాధి దగ్గర హీరో ప్రమాణం చేస్తుంటే గాలికి గడ్డం ఊడిపోయింది కదా, అక్కడ నవ్వుకి కిటికీలు అదిరాయి. హీరో రబ్బరు బూట్లు ఎవరివన్న దాని మీద కాసేపు గొడవ కూడా జరిగింది.

హాల్వర్ లేచిపోలేదురా. ఏడ్చాడు. రీలు మార్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, “స్టేన్‌వోరమ్మా, మీవాడు నా బాధని ఎంత బాగా పట్టుకున్నాడు! మంచివాడికి ఈ లోకంలో ఎన్ని కష్టాలమ్మా!” అన్నాడు. తనే హీరో అనుకున్నాడు. మరి ఆ దొర ఎవరయ్యా అంటే, “ఇంకెవరు, మన తోర్ఫి!” అన్నాడు. హాలు తాళాలు చూసుకునే తోర్ఫినడిగితే వాళ్ళ బావమరిది పేరు చెప్పాడు. నీ సినిమాలో దొరని అందరూ గుర్తుపట్టారు. ఎవరికి వాళ్ళు పక్కవాడిని చూపించారు.

నీ మంచి కోరే,
స్టేన్‌వోర్

తా.క.: అసలు సంగతి మరిచాను. విందు సీను రాగానే తోర్ఫి లేచి, “ఆపండి రీలు! ఆ చెవులు చూడండి!” అని అరిచాడు. నల్లమూతి దానికి ఎడమ చెవి కొస కోసి ఉంది, కుడి చెవికి గాటుంది. అది హాల్వర్ ఇంటి గుర్తని పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు. హాలంతా నావైపు తిరిగి చూసింది. హాల్వర్ ఏమీ అనలేదు.


రేక్యావిక్,
ఉత్తరం అందిన పూటే.

అత్తా,

పలకరింపులకి టైము లేదు. ఆ గొర్రెను నీ దొడ్లోంచి నువ్వే తోలుకొచ్చావు! “ఇదిగో, దీన్నే తియ్యి, చెవులు కనిపించేలా తియ్యి” అన్నావు! మరి హాల్లో నోరు తెరిచి ఆ ముక్క చెప్పొద్దూ? నాన్న మీది మచ్చ తుడుద్దామని సినిమా తీస్తే అది నాకూ అంటింది. అసలా గొర్రె ఎక్కడిది? రీళ్ళు వెంటనే తిరిగి పంపెయ్.

దిక్కుతోచని,
బెర్గుర్

తా.క.: బూట్లు తోర్ఫివి. ఇప్పుడది కూడా దొంగతనమేనా?


లోయ నుంచి,
ఆగస్టు చివర.

తొందరపాటు మనిషి బెర్గుర్‌కు,
తొందరేమీ లేని అత్త రాసేది,

రీళ్ళు పంపడం కుదరదు. నీ సినిమా హిట్టు. పక్క లోయవాళ్ళు కూడా ట్రాక్టర్లెక్కి వస్తున్నారు, హాల్లో నిలబడే చోటు లేదు. విందు సీను దాకా ఆవలిస్తూ కూర్చుంటారు. చెవి రాగానే అందరూ ముందుకు వంగుతారు. అది అయిపోగానే కాఫీకి వెళ్ళిపోతారు. ఆ తర్వాత పగ మొత్తం నేనూ ప్రొజెక్టరూ చూస్తాం.

బయట ఏమంటున్నారో కూడా రాస్తాను, దాచడమెందుకు. “తండ్రి దొంగిలించి దొడ్లో దాచాడు, కొడుకు దొంగిలించి తెరకెక్కించాడు” అంటున్నారు. హాల్వర్ మొదటిసారి ఏమీ అనలేదు. రెండోసారి నిట్టూర్చాడు. మొన్న మాత్రం లేచి నిలబడి, “పోనిద్దురూ, నేను క్షమించేశాను” అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఇంకా చెక్కు చెదరని,
స్టేన్‌వోర్

తా.క.: గొర్రె ఎక్కడిదన్నావు. సెప్టెంబరులో కొండ మీది మందలు దిగాక రాస్తాను. ఇప్పుడు చెబితే ఆగలేక టెలిఫోన్ చేస్తావు. ఇక్కడ లోయంతటికీ ఒకటే లైను, నువ్వు “హలో” అంటే అన్ని ఇళ్ళవాళ్ళూ వింటారు.


రేక్యావిక్,
సెప్టెంబరు.

శ్రీమతి స్టేన్‌వోర్ గారికి,

ఇక మీదట తమరిని అత్త అని పిలిచే ఉద్దేశం నాకు లేదు. తమ అన్నగారిని ఊరు వెలేస్తే తమరు అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు ఆయన కొడుకు పరువు తీసి, పక్కన కూర్చుని తమాషా చూస్తున్నారు. నాన్న ఊపిరి పోయే ముందు కూడా “నేను కొన్నానురా” అనే అన్నాడు. ఎవరు నమ్మారు? తమరైనా నమ్మారా?

ఇట్లు,
ఆకీ కొడుకు బెర్గుర్

తా.క.: తమరు పంపిన ఉన్ని మేజోళ్ళు అందాయి. సరిపోయాయి. అది వేరే సంగతి.


లోయ నుంచి,
మందలు దిగిన మర్నాడు.

ఆకీ కొడుకు బెర్గుర్‌కు,
ఆకీ చెల్లెలు రాసేది,

నమ్మాను. నమ్మి ఏం లాభం? చెల్లెలి నమ్మకాన్ని ఎవరూ సాక్ష్యం కింద తీసుకోరు.

ఇక్కడ గొర్రెను కొంటే కాగితం రాసుకోం, చెయ్యి కలుపుతాం. చెవి మీద మాత్రం అమ్మినవాడి గుర్తే ఉండిపోతుంది. మీ నాన్నకి హాల్వర్ అలాగే అమ్మాడు. తర్వాత ఎవరో చెవి చూసి దొంగ అన్నారు. హాల్వర్ అబద్ధమాడలేదు, ఊరుకున్నాడు. అందరూ “అయ్యో పాపం” అంటుంటే అతనికి బాగుంది.

కిందటేడు నేనూ అతని దగ్గర ఒకటి కొన్నాను. నల్లమూతిదే. మా వంటింట్లో చెయ్యి కలిపాం. ఇంట్లో మేమిద్దరమే అనుకున్నాడు. పక్కగదిలో కొత్త పాస్టరు ఈస్లేవుర్ కూర్చుని నేను పోసిన అట్లు తింటున్నాడు. తలుపు తీసే ఉంచాను. ఎప్పటికైనా పనికొస్తుందనుకున్నాను. ఈలోగా నువ్వు కెమెరా పట్టుకుని దిగావు. లోయంతా ఆ చెవులు చూస్తే హాల్వర్ ఈసారైనా నిజం చెబుతాడేమో చూద్దామనుకున్నాను. నేను చెప్పేదాకా నోరు విప్పవద్దని పాస్టరును బతిమాలుకున్నాను.

నిన్న లోయంతా దొడ్ల దగ్గరే ఉంది, చెవి గుర్తులు చూసి ఎవరి గొర్రెల్ని వాళ్ళు వేరుచేసుకుంటూ. నల్లమూతిది రాగానే జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు, సినిమా తార కదా! హాల్వర్ దాని కొమ్ములు పట్టుకుని తన దొడ్లోకి లాగాడు. నేను పాస్టరు వైపు చూసి తలూపాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, “అదేమిటి హాల్వర్, దాన్ని స్టేన్‌వోరమ్మకి అమ్మేశావు కదయ్యా! పక్కగదిలోంచి నేను చూస్తూనే ఉన్నాను” అన్నాడు.

“మరిచిపోయాను” అన్నాడు హాల్వర్.

“ఆకీకి అమ్మింది కూడా మరిచిపోయావా?” అన్నాను.

అతను కొమ్ములు వదిలేశాడు. గొర్రె తనంతట తనే నా దొడ్లోకి వచ్చింది.

ఒక్కడు కూడా తప్పయిందనలేదురా. తోర్ఫి, “కాఫీ చల్లారినట్టుంది, వేడి చేస్తాను” అన్నాడు. మీ నాన్నకి ఇన్నాళ్ళకు ఈ లోయ చెప్పిన క్షమాపణ అదీ. తర్వాత ఒక్కొక్కరే వచ్చి నాకు చెయ్యి చాపారు. నేను జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. వాళ్ళు ఆకీకి చాపాల్సిన చేతులవి. ఇంటికొచ్చి గట్టిగా ఏడ్చాను.

నువ్వు పిలిచినా పిలవకపోయినా,
మీ అత్త

తా.క.: పగ తీసేసి గొర్రెను ఉంచితే ఏటా వేసుకుంటామని సంఘంవాళ్ళు అడుగుతున్నారు. సినిమా మాత్రం బాగాలేదు నాయనా, అది నీకెవరో ఒకరు చెప్పాలి.

మళ్ళీ తా.క.: నిన్న సాయంత్రం ఇంకోసారి వేశారు. సమాధి దగ్గర ఎప్పటిలాగే గడ్డం ఊడింది. ఎవరూ నవ్వలేదు.